కొలతకు పడుకున్న మనిషి

రోజూ పొద్దున్న ఏడున్నరకి హైమవతి గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతి గడియారం తీసి కిటికీ గట్టు మీద పెట్టి, పీట మీద వెల్లకిలా పడుకునేది. ఇరవై ఒక్క నిమిషాలు కదలకూడదు. అవి గడిస్తేగాని కాకినాడలోని ఆ కీళ్ళ జబ్బుల ఆసుపత్రి రెండో అంతస్తులో ఆ రోజు పని మొదలయ్యేది కాదు.

పక్కన నిలబడి కంప్యూటర్ చూసుకునే సత్తిరాజు ఆమె తమ్ముడు. పీటను తయారుచేసినవాడు అతనే. పీట అన్నది రోగులు పెట్టిన పేరు. అతను పెట్టిన పేరు రెండు వరుసలుండేది, అది ఇప్పుడు అతనికే సరిగ్గా గుర్తులేదు. ఆరడుగుల పొడవు, బల్లంత ఎత్తు, పైన మెత్తటి రబ్బరు తొడుగు. చూడటానికి అందులో ఏ విశేషమూ లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు సూదులెక్కడున్నాయని భయపడుతూ అడిగేవారు, లేవని తెలిసి కొంచెం నిరాశపడేవారు కూడా.

అలా వచ్చినవాళ్ళలో గంగాభవాని ఒకతె. ఇరవై తొమ్మిదేళ్ళు. ఉప్పాడ దారిలో రొయ్యల షెడ్డులో పని. ఐసునీళ్ళలో చేతులు పెడితే వేళ్ళు తెల్లబడి, నీలమై, తరువాత మంటలు. ముఖం మీద ఎర్రటి మచ్చ. లూపస్ అని డాక్టర్ మెహరున్నీసా తేల్చింది. ఒంటిని కాపాడాల్సిన కాపలావాడే ఇంట్లోవాళ్ళ మీద కర్ర ఎత్తే జబ్బు అది. ఆ కర్ర ముందు కీళ్ళ మీద పడుతుంది, చర్మం మీద పడుతుంది, చడీచప్పుడు లేకుండా గుండె మీదా పడుతుంది.

"గుండె బాగానే కొట్టుకుంటందండి నాకు," అంది గంగాభవాని మొదటిరోజు. "దానికేటి పరీచ్చ?"

సత్తిరాజు ఇలాంటి ప్రశ్నకి నోటితో జవాబు చెప్పేవాడు కాదు. బకెట్లోంచి తడి తువ్వాలు తీసి, రెండు చేతులతో మెలిపెట్టి పిండి, వదిలేసేవాడు. తువ్వాలు విప్పుకునేది.

"గుండె ఊరికే ముడుచుకోదమ్మా. ఇదిగో, ఇలా మెలిపడి రక్తాన్ని పిండుతుంది. తరువాత విప్పుకుంటుంది. నీలాంటి జబ్బుల్లో పిండటం చాలాకాలం బాగానే ఉంటుంది. గుండె స్కానింగు, ఆ ఎకోలోనూ బాగానే కనపడుతుంది. విప్పుకోవడమే ముందు ఆలస్యమవుతుంది. రెప్పపాటులో నూరోవంతు. అది నీకు తెలీదు, డాక్టర్‌కీ తెలీదు. వెన్నులోంచి ఈ పీటకి తెలుస్తుంది. మూడేళ్ళ ముందే."

"మూడేళ్ళ ముందు తెలిసి ఏం జేత్తామండి?"

"మందులు మారుస్తాం. మూడేళ్ళ తరువాత ఆయాసం రాకుండా చూస్తాం."

మొదట్లో ఈ తువ్వాలు పిండే పని హైమవతిది. ఆమె పిండితే చుక్క మిగిలేది కాదు, జనం నవ్వేవారు. ఒకరోజు, "నువ్వే పిండరా, నీ గుండె కబుర్లు నువ్వే చెప్పుకో," అని తువ్వాలు తమ్ముడి చేతిలో పెట్టింది. అప్పటినుంచి అది అతని పని అయింది. ఎప్పటినుంచి అంటే అతను చెప్పలేడు.

గంగాభవానికి పచ్చ చీటీ వచ్చింది. అంటే గుండె భేషుగ్గా ఉందని. ఎర్రది వస్తే మందు మారుతుంది. ఆమె చీటీని కళ్ళకద్దుకుని జాకెట్టులో దోపుకుంది.

పీటతో ఒక చిక్కు ఉండేది. సముద్రపు గాలి. కాకినాడ తేమకి రబ్బరు ఒకరోజు ఉబ్బుతుంది, ఒకరోజు బిగుస్తుంది. నిన్నటి కొలత ఇవాళ పనికిరాదు. కిరాణా కొట్టులో పొద్దున్నే తూకపు రాయి వేసి త్రాసు సరిచూసుకున్నట్టు, రోజూ మొట్టమొదట ఒక ఆరోగ్యవంతుడి గుండెను పీట మీద పెట్టి, "ఇదీ సరైన గుండె, దీన్నిబట్టి నువ్వు సర్దుకో," అని చెప్పాలి. ఆ రాయి హైమవతి.

"ఒక్క మనిషేనా? ఐదుగురిని పెట్టకూడదూ?" అని మెహరున్నీసా మొదట్లోనే అడిగింది. ఆవిడ పొదుపుగా మాట్లాడే మనిషి, అడిగిందంటే ఆలోచించే అడిగి ఉంటుంది.

"ఐదుగురైతే ఐదు గొడవలు మేడమ్. ఒకరికి జలుబు, ఒకరికి పెళ్ళి, ఒకరికి బస్సు దొరకదు. అక్కయితే రాయి."

అది పొగడ్త అనే అతని ఉద్దేశం. వాళ్ళింట్లో జ్వరాలకి కూడా హైమవతి అంటే భయం అని వాళ్ళ నాన్న అనేవారు. పన్నెండేళ్ళ వయసులో వంటింట్లోకి వెళ్ళిన పిల్ల, తల్లి మంచంలో ఉన్నన్నాళ్ళూ, పోయాకా అక్కడే ఉంది. చదువుకుంది, ఇదే ఆసుపత్రిలో రక్తపరీక్షల టెక్నీషియన్ అయింది, తమ్ముణ్ణి ఇంజనీరుని చేసింది. ఈ మధ్యలో ఒక్కరోజు ఒంట్లో బాగాలేదని పడుకున్నట్టు సత్తిరాజుకి జ్ఞాపకం లేదు. ఊరంతా వెతికినా ఇంతకంటే ఆరోగ్యవంతురాలు దొరకదని అతని నమ్మకం. మూలగనివాళ్ళే ఆరోగ్యవంతులని నమ్మే ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళది ఒకటి.

నియమం ప్రకారం రాయి కూడా రోజూ తొమ్మిది ప్రశ్నలకి జవాబు చెప్పాలి. జ్వరం ఉందా, కీళ్ళ నొప్పులున్నాయా, పొద్దున్న లేవగానే చేతులు బిగుసుకుంటున్నాయా, నోట్లో పుళ్ళు, జుట్టు రాలడం, ఎండకి దద్దుర్లు, ఆయాసం, నీరసం, నిద్ర. మొదటి నెల సత్తిరాజు అన్నీ చదివి వినిపించేవాడు. "లేదురా, లేదురా, లేదురా," అనేది ఆమె. రెండో నెలనుంచి చదవడం మానేశాడు. ఆమె గడియారం తీసి కిటికీలో పెట్టేలోపలే తొమ్మిది గళ్ళలోనూ 'లేదు' అని టిక్కులు పెట్టేసేవాడు. నిద్ర దగ్గర 'బాగుంది' అని.

నాలుగేళ్ళలో అలాంటి కాగితాలు పన్నెండు వందలు జమపడ్డాయి.

జూలైలో గంగాభవాని మళ్ళీ వచ్చింది. ఈసారి తోడికోడలు పట్టుకుని తీసుకొచ్చింది. లిఫ్టులోంచి బెంచీ దాకా ఉన్న పది అడుగులు నడవడానికి రెండుసార్లు ఆగింది.

"షెడ్డులో ట్రే ఎత్తలేకపోతన్నానండి డాక్టరమ్మ గారూ. పడుకుంటే ఊపిరాడట్లేదు. గోడకి చేరగిలబడి కూకుంటన్నాను."

మెహరున్నీసా ఎకో తీయించింది. గుండె పిండటమే సగానికి పడిపోయింది. విప్పుకోవడం సంగతి ఎప్పుడో దాటిపోయింది. ఆవిడ ఆ రిపోర్టునీ, ఫిబ్రవరిలో ఇచ్చిన పచ్చ చీటీనీ పక్కపక్కన పెట్టి, సత్తిరాజుని పిలిచి చూపించింది.

"ఐదు నెలల్లో ఇంతగా పాడవడం కుదరదు మేడమ్," అన్నాడతను.

"అవును, కుదరదు."

"అయితే ఎకోలో ఏదో..."

"సత్తిరాజు గారూ, మనిషిని చూడండి."

అతను మనిషిని చూడలేదు. పీట మీద పడుకోబెట్టమన్నాడు. పడుకుంటే ఊపిరాడని మనిషిని తలకింద రెండు దిళ్ళు పెట్టి ఇరవై ఒక్క నిమిషాలు పడుకోబెట్టారు. హైమవతి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. చివరికి యంత్రం చీటీ తోసింది. అది ఎరుపు కాదు, అలాగని నిండు పచ్చా కాదు. 'స్వల్ప తేడా, ఆరు నెలల తరువాత రండి' అనే లేతపచ్చ.

తోడికోడలు చీటీ చూసి సంతోషించింది. "ఏం లేదంటే బవానీ, పచ్చదే వచ్చింది."

ఆ మాట విన్నాక సత్తిరాజు ఆ గదిలో నిలబడలేకపోయాడు. సిగ్గుపడటం అతనికి అలవాటు లేదు, అందుకని ఒంట్లో ఏదో అవుతోందనుకుని నీళ్ళు తాగాడు.

గంగాభవానిని కింద వార్డులో చేర్చారు. పీటని మూసేశారు. అతను నాలుగు రోజులు దాని పొట్ట విప్పి కూర్చున్నాడు. తీగలు చూశాడు, రబ్బరు కింది సెన్సర్లు ఒక్కొక్కటే గుచ్చి చూశాడు, లెక్కలు తిరగరాశాడు. ఎక్కడా తప్పు లేదు. అన్నం తినే ధ్యాస లేదు. హైమవతి పులిహోర కలిపి డబ్బాలో తెచ్చి ముందు పెట్టింది. డబ్బా మూత అతనే తీసుకోవాల్సి వచ్చింది. "బిగుసుకుపోయిందిరా, నావల్ల కాలేదు," అంది. తింటూ తీగలకేసి చూస్తున్నవాడికి ఆ మాట చెవిన పడలేదు.

ఐదోరోజు రోజువారీ సర్దుబాట్ల పట్టీ తీశాడు. పీట రోజూ పొద్దున్న రాయిని చూసి తనని తాను ఎంత సర్దుకుందో అందులో ఉంటుంది. ఎక్కువ తేడా వస్తే పీట కూయాలి. పన్నెండు వందల రోజుల్లో ఒక్కసారీ కూయలేదు. ఏ రోజు చూసినా ఆవగింజంత. తేమ కారణంగా ఒకరోజు అటూ ఒకరోజు ఇటూ ఉండాల్సిన ఆవగింజలు, రెండున్నరేళ్ళుగా ఎక్కువభాగం ఒకేవైపు ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే, ఎర్ర చీటీ రావడానికి ఎంత ఆలస్యం కావాలో సరిగ్గా అంత.

"పీట కొలత జరిగిపోయింది మేడమ్," అన్నాడు మెహరున్నీసాతో. అతని గొంతులో కొంచెం ఊరట ఉంది. యంత్రం తప్పయితే యంత్రాన్ని బాగుచేయొచ్చు. "రబ్బరు ముదిరి ఉంటుంది."

"పీట జరిగిందో, రాయి అరిగిందో ఎలా తెలుస్తుంది?"

"రాయి అంటే..." అని ఆగాడు. "వేరేవాళ్ళు పడుకుంటే తెలుస్తుంది."

ముందు అతను పడుకున్నాడు. పీట అతని గుండెని చూసి, ఉండాల్సినదానికంటే చాలా త్వరగా విప్పుకుంటోందని చెప్పింది. రబ్బరు ముదిరితే అందరికీ ఒకేలా తప్పాలి, అక్కకి కూడా. కొత్త రబ్బరు వేసి, దాన్ని అక్క గుండెతోనే సర్ది మళ్ళీ పడుకున్నాడు. అయినా అదే మాట. మెహరున్నీసా పడుకుంది, యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ గుండె కూడా అతివేగమే. కింద వాచ్‌మన్ అప్పన్నని పిలిచారు. అతను రోజుకి రెండు కట్టల బీడీలు కాలుస్తాడు. అతని గుండె సైతం ఉండాల్సినదానికంటే మెరుగ్గా ఉందని పీట తేల్చింది.

"నాకు తెలుసండి," అన్నాడు అప్పన్న, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "మా వంశమే అంత."

ఆసుపత్రిలో కనపడ్డ ప్రతివాడూ అతి ఆరోగ్యవంతుడే. ఒక్కరు తప్ప. పీట దృష్టిలో సరైన గుండె ఈ భూమి మీద ఒకరికే ఉంది. ఆ సరైన గుండె నెమ్మదిగా జబ్బుపడుతుంటే, పీట రోజుకో ఆవగింజ చొప్పున ఆ జబ్బునే ఆరోగ్యమని నేర్చుకుంది.

హైమవతి అప్పుడు పక్కగదిలో రక్తం సీసాలకి పేర్లు రాస్తోంది. సత్తిరాజు గుమ్మంలో నిలబడి ఆమె చేతుల్ని చూశాడు. నాలుగేళ్ళలో మొదటిసారి చూశాడు అనడం న్యాయం. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. గాజులు లేవు. కలాన్ని మూడు వేళ్ళతో కాకుండా పిడికిట్లో పట్టుకుని రాస్తోంది. నుదుటి దగ్గర జుట్టు పలచబడితే పాపిడి పక్కకి తీసి సర్దుకుంది.

"అక్కా," అన్నాడు.

"నాదేనా?" అంది ఆమె, తలెత్తకుండానే. "అందరూ పడుకుని లేస్తుంటే అనుకున్నాను."

"నీకు తెలుసా?"

"కీళ్ళ సంగతి తెలుసు. గుండె సంగతి తెలీదు. తెలిస్తే పడుకుంటానట్రా?"

"ఎప్పట్నించి?"

"రెండేళ్ళు దాటింది. పొద్దున్నే చేతులు విడిచేవి కావు. ఐదింటికి లేచి వేణ్ణీళ్ళలో పెట్టుకుంటే ఏడింటికి దారికొచ్చేవి. మన రక్తం మనమే తీసి చూసుకోవడం ఎంతసేపురా, చూసుకున్నాను. అనుమానంగా ఉంది. మళ్ళీ చూద్దాంలే అనుకున్నాను."

"చెప్పొచ్చు కదా!" అతని గొంతు పెరిగింది. కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. "రాయికి ఒంట్లో బాగాలేకపోతే పని ఆపాలని నియమం. నేనే రాశాను. నాకు చెప్పాలి కదా!"

హైమవతి కలం కింద పెట్టింది. "తునినించి, పిఠాపురంనించి పొద్దున్నే బస్సెక్కి జనం వచ్చి కూచునేవారు. ఇవాళ నాకు వేళ్ళు నొప్పులు, మీరు పొండి అననా? ఇక నువ్వంటావా..." అని ఆగింది. "నువ్వు అడిగావుట్రా?"

అక్కడే ఆపి మళ్ళీ కలం అందుకుంది. ఆమెకి దెప్పడం రాదు. వచ్చి ఉంటే ఇద్దరికీ బాగుండేది.

మెహరున్నీసా ఆ సాయంత్రమే ఆమెని కింద వార్డులో చేర్చి రక్తాలు తీయించి, ఎకో చేయించింది. లూపస్. గుండె పిండటం ఇంకా బాగానే ఉంది. పీట మాట్లాడే ఆ నూరోవంతు ఆలస్యం మాత్రం వచ్చేసింది. మందులు మొదలుపెడితే నిలుస్తుంది, కొంత వెనక్కి రావచ్చు కూడా.

"ఒక మాట చెబుతాను, బాధపడకండి," అంది డాక్టర్ సత్తిరాజుతో. "ఈ జబ్బు మనిషి గుండెలోకి ఎలా వస్తుందో మొదటిరోజునించి, రోజూ పొద్దున్నే ఒకే వేళకి రాసిపెట్టిన లెక్క నేనెక్కడా చూడలేదు. మీ అక్కది పన్నెండు వందల పొద్దున్నలు ఉంది. మనం వెతుకుతున్నది అదే."

"ఎప్పుడు మొదలైంది?" అనడిగాడు.

ఆవిడ పట్టీ మీద వేలు పెట్టింది. రెండున్నరేళ్ళ కిందటి జనవరి. అతను ఆ నెల పాత వీడియోలు తీసి చూశాడు. రోగులకి గుండె గురించి చెప్పేటప్పుడు ఆసుపత్రివాళ్ళు తీసిపెట్టుకున్నవి. మూడోవారంలో ఒక వీడియోలో హైమవతి తువ్వాలు మెలిపెడుతూ మధ్యలో ఆగి, నవ్వుతూ దాన్ని అతని చేతికిస్తోంది. పట్టీకీ వీడియోకీ నాలుగు రోజులే తేడా. పన్నెండేళ్ళు కష్టపడి అతను చేసిన యంత్రం పట్టుకున్నది, తడి తువ్వాలు నాలుగు రోజుల తేడాతో చెప్పింది. అతను వినలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలీదు, చూసిన ప్రతిసారీ ఏడుపొచ్చింది.

మొదటిరోజు హైమవతి గుండె, అంటే జబ్బు సోకకముందుది, కంప్యూటర్లో భద్రంగా ఉంది. దాన్నే కొలతగా పెట్టి, పట్టీలో ఒకేవైపు పేరుకున్న తేడాని తీసేసి, పాత రోగుల లెక్కలన్నీ మళ్ళీ తిప్పారు. గత రెండేళ్ళలో పచ్చ చీటీ పట్టుకుని వెళ్ళినవాళ్ళు నాలుగు వందల పన్నెండుమంది. వాళ్ళలో అరవై ఒక్కరివి ఎర్రవి కావాల్సినవి. అందులో గంగాభవాని ఒకతె. ఇద్దరు అప్పటికే పోయారు. గుండెవల్లో కాదో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగి ఉండాల్సిన యంత్రం అది.

ఫోన్లు చేయడానికి ఆసుపత్రివాళ్ళు ఒక మనిషిని పెడతామన్నారు. హైమవతి ఒప్పుకోలేదు. "నా గొంతైతే గుర్తుపడతారు," అంది. వార్డులో మంచం మీద కూర్చునే, ఫోను చేత్తో పట్టుకోలేక స్పీకర్లో పెట్టి, మూడు రోజులపాటు చేసింది. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. ఒకాయన మీ యంత్రం సముద్రంలో పారేయండన్నాడు. "అలాగేనండి, ముందు మీరొచ్చి ఒకసారి చూపించుకోండి," అంది. పక్క మంచం మీంచి గంగాభవాని ఇదంతా వింటూ ఉండేది.

"మేడమ్ గారూ," అందొకసారి, "ఆ పీట మీద రోజూ పడుకున్నది మీరేనంట కదా. మీకూ నా జబ్బేనంట."

"అవునమ్మా. నావల్లే నీకు తప్పు చీటీ వచ్చింది."

గంగాభవాని దుప్పటి అంచు సర్దుకుంది. "నాకు కోపంగానే ఉందండి," అంది. "మీ మీదో ఎవరి మీదో తెలట్లేదు." హైమవతి తలూపింది. ఆ తరువాత ఇద్దరూ ఒకే వేళకి మాత్రలు వేసుకునేవారు.

సెప్టెంబరులో పీట మళ్ళీ తెరిచారు. ఇప్పుడు రాళ్ళు ఏడుగురు, వారానికోసారి మారతారు. వాళ్ళలో అప్పన్న ఉన్నాడు. బీడీ మానేస్తేనే రాయి అన్నారని మానేసి, ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మొదటిరోజు పొద్దున్న రాళ్ళ పని అయ్యాక, మొదటి రోగిగా హైమవతి వచ్చింది. లైన్లో నిలబడి టోకెన్ తీసుకుంది. గుమ్మం బయట చెప్పులు విడిచి, గడియారం తీసి కిటికీ గట్టు మీద పెట్టి, పీట వైపు నడిచింది.

"ఆగక్కా," అన్నాడు సత్తిరాజు. "ముందు కూచో."

ఆమె స్టూలు మీద కూర్చుంది. అతను కాగితమూ కలమూ తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు. అవే తొమ్మిది ప్రశ్నలు. కలం మూత తీశాడు గాని రాయలేదు.

"జ్వరం ఉందా?"

"లేదురా," అంది ఆమె వెంటనే.

అతను టిక్కు పెట్టలేదు. తలెత్తి ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. బయట బెంచీల మీద జనం నిండిపోతున్నారు, ఎవరో దగ్గుతున్నారు. హైమవతి ఒకసారి గుమ్మంకేసి చూసింది, ఒకసారి తన చేతులకేసి చూసుకుంది.

"సాయంత్రం పూట కొంచెం వెచ్చగా ఉంటుంది," అంది మెల్లగా. "రోజూ కాదు. ఉన్నరోజు మోకాళ్ళు కూడా పట్టేస్తాయి. అప్పుడు వంట నించుని చెయ్యలేనురా. స్టూలు వేసుకుని చేస్తాను. నువ్వొచ్చే వేళకి తీసేస్తాను."

ఆ కాగితంలో జవాబుకి ఒక్క టిక్కు పట్టేంత గడి మాత్రమే ఉంది. అది కూడా అతను గీసిన గడే. సత్తిరాజు కాగితాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు పైనుంచి రాయడం మొదలుపెట్టాడు.

"ఇంకా చెప్పక్కా," అన్నాడు.